కింది వరుస మొలలు

గడియారం కాడ నూర్ స్టూడియో మీద
రేకుల రూములో ఆదివారం క్లాసు.
పద్నాలుగు మందిమి, కెమెరాలు మూడు,
మిగిలినయి అద్దం పగిలిన ఫోన్లు.
మొయినుద్దీన్ సారు కిటికీకి దుప్పటి కట్టి
అందులోని చిరుగు మీద వేలు పెట్టి చెప్పిండు:
"వెలుగు అప్పిచ్చే షావుకారి లెక్క.
ఎంత తీసుకున్నవో రాసుకో.
ఎక్కువ తీసుకుంటే
మొఖం తెల్లగ కాలిపోతది."
డ్యూటీ కాయితం వెనక రాసుకున్న.
నల్లగొండ డిపోల కండక్టర్ని నేను,
మర్రిగూడ రూటు, పొద్దటి ట్రిప్పు.

ఆ ఏడు పోటీకి పెట్టిన పేరు: నీళ్లు.
పదకొండు మంది సాగర్ గేట్లు తెచ్చిన్రు.
పదకొండు తెల్లటి నురగలు,
ఒకటే వంతెన మీద
ఒకరి మోచెయ్యి ఒకరికి తాకంగ తీసినవి.
హుమేరా వాళ్ల దాదీ వజూ చెంబు తెచ్చింది.
నర్సింహచారి ఎండిన బోరు పైపు,
దాని మీద తలకాయ ఊపుతున్న తొండ.
నేను సైదమ్మ చేతులు తెచ్చిన.

సైదమ్మ వారానికోసారి నా బస్సెక్కుతది,
పెద్దాసుపత్రికి.
మోకాళ్లు లోపలికి మళ్లినయి, మెడ కట్టెబారింది.
చిన్నప్పటి సంది తాగిన బోరు నీళ్లు
ఒంట్లనే ఇల్లు కట్టుకున్నయి.
ఇప్పుడు నల్లాల కృష్ణ వస్తున్నది, మంచిగనే.
ఎముకలకు ఆ కబురు అందలే.
వంకర వేళ్లు బిందె మూతిని పట్టుకున్న తీరు చూసి
"తియ్యనా అవ్వా?" అని అడిగిన.
"చేతులు తీసుకొని ఏం చేస్తవు కొడుకా" అని నవ్వింది.
ఆ నవ్వు ఫ్రేములకు రాలే.
నేనే రానియ్యలే.

మొదటి బహుమతి. ఒక ట్రైపాడు, ఒక శాలువా.
మార్కుల పక్కన జడ్జి రాసిండు,
మనసు పిండింది అని.

గ్రంథాలయం హాలుల రెండు దినాల ఎగ్జిబిషన్.
సారు ఐదడుగుల ఎత్తున మొలలు కొట్టించిండు.
"చూసేటోని కన్ను ఎక్కడుంటదో
బొమ్మ అక్కడుండాలె."
సుతిలి తాడు, బట్టల క్లిప్పులు,
పంకా గాలికి సాగర్ గేట్లు ఊగుతున్నయి.
రెండో నాడు సైదమ్మను నేనే తోలుకొచ్చిన,
జీరో టికెట్టు కొట్టి, ముందు సీట్ల కూసోబెట్టి.
లోపల జర గర్వంగనే ఉండె, అబద్ధమెందుకు.

తన చేతుల కింద నిలబడ్డదామె.
చూపు గోడ సున్నం కాడ ఆగింది.
మెడ లేవది.
"ఏది నాయినా?"
"పైన, అవ్వా."
"పైన నాకేముంటది."

ఏమనాల్నో తెల్వక
ట్రైపాడు ఖరీదు చెప్పిన, పిచ్చోని లెక్క.
సారు ఏమనలే.
చెప్పులిడిచి స్టూలెక్కిండు.
ఒక్క ఫొటో దించి చేతికిస్తడనుకున్న.
తాడు మొత్తం విప్పిండు.
పక్క సైకిల్ షాపుల సుత్తె అడుక్కొచ్చి
ఆమె కండ్ల కాడ పెన్సిల్‌తో గీత గీసి
మల్ల కొట్టిండు మొలలు, గోడ పొడుగూత,
గేట్లకు, చెంబుకు, తొండకు, అన్నిటికి.

సైదమ్మ ఆ కొస నుంచి చూసుకుంట వచ్చింది.
తొండ కాడ చాన సేపు ఆగింది.
చేతుల కాడికొచ్చి అన్నది:
"బిందె నాది గాదు, మా ఆడిబిడ్డది.
కింద పేరు రాసినవు గద,
ఆమెది సుత రాయి."

నాలుగింటికి ముఖ్య అతిథి వచ్చిండు.
ఇస్త్రీ చెడకుండ ముందు మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిండు,
రెండో ఫొటో కాడికి కిందనే కూసున్నడు.
కాలేజీ పిల్లలు గొంతుక్కూసొని చూసిన్రు,
నడుము పట్టుకొని లేచిన్రు.
ఎందుకింత కిందికి పెట్టిన్రని
ఒక్కరు అడగలే.

గోడ పాడైందని లైబ్రరీ సారు లొల్లి పెట్టిండు.
పై వరుస బొక్కలు సబ్బు ముక్కతో పూడ్చినం.
కింది వరుసకు
సబ్బు సాల్లే.